748 మెగాహెర్ట్జ్

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. మే నెలాఖరు మధ్యాహ్నం నెల్లూరులో ఎవరింటికైనా వచ్చి కూర్చోండి, మీకే తెలుస్తుంది. గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. కుళాయి తిప్పితే పొయ్యి మీద కాచినట్టు వస్తాయి నీళ్ళు. పోయిన ఎండాకాలం అలాంటి ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, ఇన్వర్టర్ మీద ఒక్క ఫ్యాన్ తిరుగుతోంది. నాయన వసారాలో మడత మంచం మీద పడుకుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. సెలవులకని కావలి నుంచి వచ్చిన మా అక్క కొడుకు నా పక్కన చేరి తన గేమ్ డబ్బా నా చేతిలో పెట్టాడు. అరచేతిలో ఇమిడే వస్తువు. పాత వీడియో గేములన్నీ ఆడుతుంది. పుట్టినరోజుకి వాళ్ళ నాన్న ఆన్‌లైన్లో తెప్పించాడు.

"మామా, దీని ప్రాసెసర్ 1200 మెగాహెర్ట్జ్ అంట. సెట్టింగుల్లో 1600 దాకా లేపొచ్చంట. లేపమంటావా?"

"వద్దురా" అన్నాను.

"ఎందుకు?"

పదమూడేళ్ళ పిల్లవాడు ఎందుకు అని అడిగితే చెప్పింది విను అనడం నాకు చేతకాదు. పైగా ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. కంప్యూటర్లు, ఫోన్లు బాగు చేయడం నా వృత్తి. షాపుకి వచ్చే కుర్రాళ్ళు కూడా తరచూ ఇదే అడుగుతారు. వాళ్ళకి పై పైన ఏదో చెప్పి పంపిస్తుంటాను. మేనల్లుడికి అలా చెప్పలేకపోయాను. అసలు సమాధానం చెప్పాలంటే 2012లో జరిగిన ఒక సంగతి బయటపెట్టాలి. దాన్ని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. దానికి తర్వాత వస్తాను.

నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను. చేతిలో పట్టుకుని వాడే వస్తువుకి, అందులోనూ మన నెల్లూరు, ప్రకాశం ఎండల్లో, ఓవర్‌క్లాకింగ్, అంటే ప్రాసెసర్ స్పీడుని కంపెనీ పెట్టిన అంకె దాటించి పెంచడం, దండగ. వచ్చేది తక్కువ, పోగలిగేది ఎక్కువ. చేస్తే గీస్తే దానికి ఎదురు పని చెయ్యాలి, స్పీడు కాస్త తగ్గించాలి.

ముందు వాణ్ణి ఏ గేములు ఆడుతున్నావని అడిగాను. ఎక్కువగా సోనీ వాళ్ళ మొదటి గేము యంత్రం ప్లేస్టేషన్ గేములట. ఆ ప్లేస్టేషన్ 1994లో జపాన్‌లో వచ్చింది. దాని ప్రాసెసర్ స్పీడు 34 మెగాహెర్ట్జ్ కూడా లేదు. దాన్ని వేరే చిప్ మీద అనుకరించాలంటే ఎన్నో రెట్లు బలం కావాలి, నిజమే, కానీ ఈ డబ్బాకి ఆ బలం ఉంది. ఆ గేములు సెకనుకి 60 బొమ్మలకి మించి చూపించేలా తయారు కాలేదు. అవి ఎలాగూ వస్తున్నాయి. 1600 చేసినా వచ్చేవి అవే. బొమ్మకీ బొమ్మకీ మధ్య ప్రాసెసర్ ఖాళీగా కూర్చునే సమయం పెరుగుతుందంతే. "రెండు గేముల్లో తడబడతా ఉండాది మామా" అన్నాడు. పెట్టి చూశాను. తడబడేది ఆట మధ్యలో కొత్త బొమ్మలు మెమరీ కార్డు నుంచి రావాల్సిన చోట. డబ్బాతో పాటు ఊరికే వచ్చిన నాసిరకం కార్డు అది. దానికి ప్రాసెసర్ ఏం చేస్తుంది?

మా షాపులో నేను రోజూ చూసేది కూడా ఇదే. ఫోను స్లో అయిందని తెస్తారు. విప్పి చూస్తే స్టోరేజీ గొంతు దాకా నిండి ఉంటుంది, ర్యామ్ చాలక వెనక నడిచే యాప్‌లు ఒకదాన్నొకటి తోసుకుంటుంటాయి, లేదా బ్యాటరీ ముసలిదై ఉంటుంది. ఒక పనికి పది సెకన్లు పడుతోందనుకోండి. అందులో ఆరు సెకన్లు ప్రాసెసర్ పని, నాలుగు సెకన్లు స్టోరేజీ కోసం ఎదురుచూపు. ప్రాసెసర్‌ని పావు వంతు వేగం పెంచితే ఆ ఆరు సెకన్లు 4.8 అవుతాయి. మొత్తం 8.8. పావు వంతు పెంచామనుకున్న మనిషి చేతికి అందింది అంతే. ఆ తేడా వాడేవాడికి ఒక వారం కొత్తగా అనిపిస్తుంది. తర్వాత అదీ ఉండదు.

మరి ఆ 1200 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఇది కొంచెం వివరంగా చెప్పాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఒకప్పుడు నేనూ పొరబడ్డాను.

ఒకే సిలికాన్ పలక మీద వందల చిప్‌లు తయారవుతాయి. ఒకే మడిలో ఒకే విత్తనం చల్లినా అన్ని వెన్నులూ ఒకేలా గింజ పట్టవు. చిప్‌లూ అంతే. కొన్ని ఎక్కువ స్పీడుకి తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు. కంపెనీ పెట్టే అంకె ఎలా ఉండాలంటే, వాటిలో బలహీనమైనది కూడా, ఎండలోనూ, బ్యాటరీ అడుగంటినప్పుడూ, నాలుగేళ్ళ తర్వాత కూడా తడబడకుండా పని చెయ్యాలి. మన చేతికి వచ్చింది బలమైన చిప్ అయితే కొంత జాగా మిగులుతుంది. ఓవర్‌క్లాక్ చేసేవాళ్ళు వాడుకునేది ఆ జాగానే.

ఒక్కోసారి ఆ జాగా మరీ ఎక్కువగా కనిపిస్తుంది. 2008లో అమ్మకానికి వచ్చిన మొట్టమొదటి ఆండ్రాయిడ్ ఫోన్, హెచ్‌టీసీ డ్రీమ్‌లో ఉన్నది 528 మెగాహెర్ట్జ్ చిప్. కంపెనీ నడిపింది 384 దగ్గర. సోనీ వాళ్ళ చేతి గేము యంత్రం పీఎస్‌పీ ప్రాసెసర్ 333 దాకా పోగలదు. మొదట్లో గేములకి 222 వరకే ఇచ్చారు. 2007లో వచ్చిన అప్‌డేట్‌తో గాని 333 తలుపు తెరవలేదు. నింటెండో కంపెనీ గేము యంత్రం స్విచ్‌లో గేము ఆడేటప్పుడు ప్రాసెసర్ నడిచేది 1020 దగ్గర. గేము లోడ్ అయ్యేటప్పుడు కాసేపు 1785కి ఎక్కి, పని అయ్యాక దిగుతుంది.

ఇవి చూసి కుర్రాళ్ళకి కోపం వస్తుంది. నా డబ్బుతో కొన్న చిప్‌ని కట్టేసి ఇస్తారా అని. ఆ కోపం నాకు తెలుసు. నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టిన సంగతేమిటంటే, ఆ అంకె చిప్‌ని చూసి మాత్రమే పెట్టింది కాదు. చిప్‌తో పాటు బ్యాటరీ, పైన ప్లాస్టిక్ డొక్కు, దాన్ని పట్టుకునే మనిషి చెయ్యి, చుట్టూ ఉండే గాలి అన్నీ కలిపి లెక్క వేసి పెట్టింది. ఫ్యాన్ లేని, లేదా చిటికెన వేలంత ఫ్యాన్ ఉన్న వస్తువులో వేడి పోవడానికి ఉన్న దారి ఒక్కటే, ఆ డొక్కు. డొక్కు ఎక్కువ వేడెక్కితే చెయ్యి పట్టుకోలేదు. 45 డిగ్రీలు దాటిన వస్తువుని అరగంట పట్టుకుని కూర్చోలేం.

స్పీడు పెంచితే వేడి ఎంత పెరుగుతుంది? చిప్ మింగే కరెంటు స్పీడుని బట్టి పెరుగుతుంది. వోల్టేజీని బట్టి అయితే దాని వర్గంలో పెరుగుతుంది. స్పీడు బాగా పెంచాలంటే మామూలుగా వోల్టేజీ కూడా పెంచాలి, లేకపోతే చిప్ నిలబడదు. మా మేనల్లుడి డబ్బా లెక్కే తీసుకోండి. 1200 నుంచి 1600 అంటే స్పీడు మూడో వంతు పెరిగింది. దానికి వోల్టేజీ పది శాతం పెంచాల్సి వచ్చిందనుకుందాం. 1.33ని 1.21తో గుణిస్తే 1.61. చిప్ ఖర్చు అరవై శాతం పెరిగింది. చిప్‌లోకి పోయిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికి రావాలి, వేరే దారి లేదు. మూడో వంతు స్పీడు కోసం అరవై శాతం వేడి. ఆ స్పీడైనా దక్కేది ప్రాసెసర్ ఒక్కదాని మీదే ఆధారపడ్డ పనికే అని పైన చెప్పాను కదా.

ఇప్పుడు ఎండ సంగతికి వస్తాను. వేడి పారడం కాలవ పారడం లాంటిది. వాలు ఉంటేనే పారుతుంది, వాలు తగ్గితే నీళ్ళు మందగిస్తాయి. పెన్నా కాలవల కింద సేద్యం చేసినవాళ్ళకి చివరి మడి బాధ తెలుసు. డొక్కు 45 డిగ్రీల దగ్గర ఉంది, గది 25 డిగ్రీల దగ్గర ఉంది అనుకోండి. మధ్యలో ఇరవై డిగ్రీల వాలు ఉంది, వేడి సాఫీగా పోతుంది. అదే డొక్కు మే నెలలో 40 డిగ్రీల గదిలో ఉంటే వాలు ఐదు డిగ్రీలే. ఇరవైకి ఐదు, అంటే నాలుగో వంతు. అదే వస్తువు అదే చేతిలో ఉండి నాలుగో వంతు వేడినే బయటికి పంపగలుగుతోంది. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్న చోట వాడమని ఆపిల్ కంపెనీయే చెబుతుంది. మే నెలలో పగటిపూట 35 డిగ్రీలు ఉండే చోటు నెల్లూరులో ఎక్కడుంది, ఏసీ గదిలో తప్ప? కంపెనీ వదిలిన ఆ జాగాని మన ఎండ మనం ముట్టుకోకముందే తినేసి కూర్చుంటుంది. అందుకే ఎక్కడో చల్లటి దేశంలో ఉన్నవాడు నా డబ్బా 1700 దగ్గర కూడా బ్రహ్మాండంగా నడుస్తోందని రాస్తే అది వాడి విషయంలో నిజం. మనకి పనికిరాదు.

వేడికి మొదట బలయ్యేది బ్యాటరీ. ఏటా ఎండలు ముదిరాక మా షాపుకి ఉబ్బిన బ్యాటరీలు వస్తాయి. వెనక మూత లేచిపోయి, స్క్రీన్ ఒక అంచున విడిపోయి, బల్ల మీద పెడితే ఫోను బొంగరంలా తిరుగుతుంటుంది. విప్పితే వెండి రేకు సంచీ పూరీలా పొంగి ఉంటుంది. దాన్ని గోరు తగలకుండా తియ్యాలి. చిల్లు పడితే మంట. ఆ పని చేసేటప్పుడు ఇప్పటికీ నేను ఊపిరి బిగబడతాను. కొందరు వేడెక్కిన ఫోనుని ఫ్రిజ్‌లో పెడతారు. దయచేసి పెట్టకండి. తీసి మన గాలిలో పెట్టగానే చల్లటి చెంబుకి చెమట పట్టినట్టు దానికీ తేమ పడుతుంది.

ప్రాసెసర్ స్పీడుకీ బ్యాటరీకీ ఇంత దగ్గర చుట్టరికం ఉందని 2017 డిసెంబర్లో ప్రపంచమంతా తెలుసుకుంది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లలో స్పీడు తగ్గిస్తున్నామని ఆపిల్ ఒప్పుకుంది. చెప్పకుండా చేసినందుకు జనం తిట్టారు, తిట్టాల్సిందే. కానీ కారణం నిజమైనదే. బ్యాటరీ ముసలిదయ్యేకొద్దీ లోపల అడ్డు పెరుగుతుంది. ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజీ కుంగిపోయి ఫోను ఠక్కున ఆగిపోతుంది. అలాంటి బ్యాటరీ మీద ఓవర్‌క్లాక్ అంటే ఏమిటో ఆలోచించండి. తొందరగా స్లో అయిన పాత ఫోన్లలో ఉండేవి సరిగ్గా అలాంటి బ్యాటరీలే.

ఇక 2012 సంగతి.

అప్పుడు నా చేతిలో 600 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ ఉండేది. ఏ కంపెనీదో చెప్పను, తప్పు దానిది కాదు. సంక్రాంతి సెలవుల్లో కూర్చుని దాన్ని రూట్ చేశాను, అంటే కంపెనీ వేసిన తాళాలు తీశాను, వేరే కెర్నల్, అంటే ఫోనుని నడిపే మూల ప్రోగ్రాం ఎక్కించాను, సెట్‌సీపీయూ అనే యాప్ వేసుకుని స్పీడు మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోయాను. 768 దగ్గర ఆగిపోయింది. ఒక మెట్టు దిగి 748 పెట్టాను. రాత్రంతా టెస్ట్ నడిపించాను. పొద్దున లేచేసరికి ఒక్క తప్పు లేకుండా నడుస్తోంది. ఆ ఆనందం చెప్పలేను. పదమూడు వేల ఫోనుని ఇరవై వేల ఫోను చేశాననుకున్నాను. ఫోను ఆన్ అయినప్పుడల్లా ఇదే స్పీడు పెట్టు అని టిక్కు పెట్టి ఆ సంగతే మర్చిపోయాను.

అప్పట్లో నాయనకి మైపాడు దారిలో రెండు రొయ్యల గుంటలు ఉండేవి. టైగర్ రకం రొయ్య పోయి వనామీ రకం వచ్చిన రోజులు అవి. 2009లో మన దేశంలో వనామీకి అనుమతి ఇచ్చాక మా వైపు అందరూ దాని వెంట పడ్డారు. చదరపు మీటరుకి 60 రొయ్యపిల్లకి మించి వేయకూడదని అప్పట్లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన. ఎందుకు పెట్టారో తెల్లవారుజామున గుంట గట్టు మీద నిలబడితే అర్థమవుతుంది. పగలు నీళ్ళలోని నాచు ఎండకి ఆక్సిజన్ తయారు చేస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచూ రొయ్యలూ అన్నీ కలిసి ఉన్నదాన్నే పీలుస్తాయి. మూడు, నాలుగు గంటలకి అది అడుగంటుతుంది. ఆ సమయంలో ఏరేటర్లు, అంటే నీళ్ళని చిలికి గాలి కలిపే యంత్రాలు, ఆగకూడదు.

మే నెలలో ఒక రాత్రి, డెబ్బై రోజుల పంట నీళ్ళలో ఉండగా, ఒంటి గంటకి లైను పోయింది. జనరేటర్ వేశారు. గంట నడిచి ఆగిపోయింది. జనరేటర్ మెకానిక్ ఇల్లు నెల్లూరులో మా వీధి చివర. నాయన నాకు ఫోన్ చేశాడు. మళ్ళీ చేశాడు. మొత్తం పదకొండు సార్లు. చివరికి కాపలా కుర్రాణ్ణి బండి మీద పక్క గుంటల వాళ్ళ దగ్గరికి పంపి, వాళ్ళ దగ్గర అదనంగా ఉన్న ఇంజను తెప్పించి తగిలించేసరికి నాలుగున్నర అయింది. టార్చి వేస్తే గట్టు పొడవునా నీళ్ళ మీద రొయ్యల కళ్ళు నిప్పు కణికల్లా మెరిశాయని ఆ కుర్రాడు తర్వాత చెప్పాడు. గాలి అందక అన్నీ పైకి, ఒడ్డుకి వచ్చేశాయి.

నాకు మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ పడుతోంది. ఐదున్నరకి పెట్టిన అలారం మోగలేదు. ఫోను దిండు పక్కన చార్జింగ్‌లో ఉంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. బటన్ నొక్కితే స్క్రీన్ వెలగలేదు. ఎంతసేపు నొక్కినా అంతే. మూత తీసి బ్యాటరీ ఊడదీసి మళ్ళీ పెట్టి ఆన్ చేశాను. మిస్డ్ కాల్ మెసేజీలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. అన్నీ నాయన నంబరే.

నేను వెళ్ళేసరికి నాయన గట్టు మీద గొంతుక్కూర్చుని చెక్ ట్రే, అంటే రొయ్యలు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి నీళ్ళలో దించే పళ్ళెం, పైకి లాగుతున్నాడు. ట్రేలో సగం పాలిపోయి వెల్లకిలా పడి ఉన్నాయి. మిగతావి కాళ్ళు మాత్రం ఆడిస్తున్నాయి. చిటికెన వేలంత ఉన్నాయి ఒక్కొక్కటి, ఇంకో నెలన్నర ఆగితే పెద్దవై మంచి కౌంటు, అంటే కిలోకి తక్కువ రొయ్యలు తూగేవి. ఆ రోజే వల వేసి బతికినదాన్నంతా పట్టేశాం. కిలోకి 80 రొయ్యలు తూగే లెక్కన పోయింది సరుకు. రెండో గుంట దక్కింది.

"ఫోన్ ఎందుకు ఎత్తలా అబ్బయ్యా?" అన్నాడు నాయన. గొంతులో కోపం లేదు.

"నిద్ర పట్టేసింది నాయనా" అన్నాను.

748 గురించి ఎలా చెప్పాలో తెలియలేదు. చెబితే అర్థం కాదని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. నిజానికి సిగ్గేసింది. ఆ రోజే ఫోనుని మళ్ళీ 600కి దించాను. తర్వాత రెండేళ్ళు వాడాను, ఒక్కసారి కూడా అలా ఆగలేదు.

జనవరిలో రాత్రంతా నిలబడ్డ స్పీడు మే నెలలో ఎందుకు నిలబడలేదో తర్వాత ఆలోచిస్తే తెలిసింది. ఆ తరం చిప్‌లు వేడెక్కేకొద్దీ వాటి లోపల ట్రాన్సిస్టర్లనే బుల్లి మీటలు కాస్త నెమ్మదిస్తాయి. చలిలో 748 దగ్గర ఒక వెంట్రుకవాసి జాగా మిగిలి ఉండాలి. ఎండాకాలం, దానికి తోడు చార్జింగ్ వేడి, ఆ వెంట్రుకవాసిని తినేశాయి. ఓవర్‌క్లాక్ చేసే ప్రతి ఒక్కరూ "నేను టెస్ట్ చేశాను" అంటారు. ఆ రోజున్న ఎండలో, ఆ రోజున్న బ్యాటరీతో మాత్రమే అది టెస్ట్. రాబోయే మే నెలని ఎవరూ టెస్ట్ చేయలేరు. ఇంకొకటి కూడా ఉంది. అదుపు తప్పిన చిప్ ప్రతిసారీ ఆగిపోదు. ఒక్కోసారి ఆగకుండానే లెక్క తప్పుతుంది. తప్పిన లెక్క మెమరీ కార్డు మీద రాసేస్తుంది. నెల తర్వాత ఒక ఫొటో సగం బూడిద రంగులో తెరుచుకుంటుంది. అది ఎప్పుడు చెడిపోయిందో కనుక్కోవడం ఎవరి వల్లా కాదు.

దీనికి ఎదురు వాదన లేదని అనను. ఇంజినీరింగ్ రోజుల్లో మా హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర ఇంటెల్ సెలరాన్ 300ఏ ఉండేది. 1998లో వచ్చిన ప్రాసెసర్ అది. బస్, అంటే ప్రాసెసర్‌ని మిగతా భాగాలతో కలిపే దారి, స్పీడు 66 నుంచి 100 చేస్తే 300 మెగాహెర్ట్జ్ కాస్తా 450 అయ్యేది, ఎన్నో ఏళ్ళు చెక్కుచెదరకుండా నడిచేది. క్యాబినెట్ మూత తీసి టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టేవాడు. ఆ ఫ్యాన్ ముందు కూర్చునే నేను కంప్యూటర్ అంటే ఏమిటో నేర్చుకున్నాను. ఈ రోజు నా ఇల్లు గడిచే విద్యలో సగం అలా విప్పి, పెంచి, చెడగొట్టి నేర్చుకున్నదే. కాబట్టి పిల్లల్ని ముట్టుకోవద్దు అని కట్టడి చేసే పెద్దల పక్షాన నేను లేను. కొన్న వస్తువు మీద కొన్నవాడికి హక్కు ఉంది. దాన్ని విప్పనివ్వకుండా తాళాలు వేసే కంపెనీల మీద నాకు ఇప్పటికీ కోపమే.

కానీ ఆ సెలరాన్ గోడ ప్లగ్గు నుంచి కరెంటు తాగేది. పక్కన బ్యాటరీ లేదు, ఎదురుగా ఫ్యాన్ ఉంది, ఆగిపోతే పోయేది ఒక గేము. ఫోను అలా కాదు. నా ఫోను మోగకపోతే దెబ్బ నా ఒక్కడికే తగల్లేదు. ఇప్పుడైతే ఇంకా ఎక్కువ. అప్పటికి యూపీఐ లేదు. ఇప్పుడు ఇంటి పర్సు, బ్యాంకు, గ్యాస్ బుకింగ్, ఆస్పత్రి కాగితాలు అన్నీ ఆ ఒక్క వస్తువులోనే. రూట్ చేసిన ఫోనులో బ్యాంకు యాప్‌లు చాలావరకు తెరుచుకోవు కూడా. డబ్బు లేనివాడికి ఓవర్‌క్లాకింగే కొత్త ఫోను అని కొందరు అంటారు. ఆ మాటలో బాధ నిజం, దారి తప్పు. డబ్బు లేనివాడి ఇంట్లో అది ఒక్కటే ఫోను. చెడిపోతే ఇంకొకటి కొనలేనివాడు అందరికన్నా ఎక్కువ పణం పెడుతున్నాడు. అలాంటివాళ్ళు నా దగ్గరికి వస్తే కొత్త బ్యాటరీ వేసి, స్టోరేజీ ఖాళీ చేసి, ఒకసారి రీసెట్ చేసి ఇస్తాను. పావు వంతు స్పీడు కన్నా అదే ఎక్కువ తేడా చూపిస్తుంది.

నేర్చుకోవాలనుకునే కుర్రాడికి నేను చెప్పేది వేరు. ఇంట్లో ఎవరికీ అక్కర్లేని పాత ఫోను తీసుకో, సిమ్ తీసెయ్, డిసెంబర్లో చెయ్యి, ఫ్యాన్ కింద పెట్టు. ఆన్ అయినప్పుడల్లా ఇదే స్పీడు అనే టిక్కు మాత్రం పెట్టకు. తప్పు జరిగితే ఆపి ఆన్ చేయగానే పాత స్పీడుకి వచ్చేస్తుంది. చెడిపోతే నా దగ్గరికి తీసుకురా, ఇద్దరం కలిసి విప్పుదాం.

నిజంగా మేలు జరిగేది కిందికి దిగినప్పుడే. అమెరికాలో ఉండే తమ్ముడు వచ్చినప్పుడు స్టీమ్ డెక్ తెచ్చాడు. 2022లో వచ్చిన చేతి గేమింగ్ కంప్యూటర్ అది. దాని చిప్‌కి 15 వాట్ల దాకా పోయే వీలుంది. మొదట వచ్చిన రకంలో బ్యాటరీ 40 వాట్-అవర్లు. మెనూలోనే ఆ వాట్లు తగ్గించుకునే పట్టీ ఇచ్చారు. గేముని సెకనుకి 40 బొమ్మల దగ్గర కట్టి, వాట్లు సగానికి దించి తమ్ముడి చేతికిచ్చాను, ఏం మార్చానో చెప్పలేదు. గంటసేపు ఆడాడు. తేడా కనిపెట్టలేదు. ఫ్యాన్ చప్పుడు తగ్గిందేమిటని అడిగాడు.

మా మేనల్లుడి డబ్బాకి కూడా అదే చేశాను. 1200ని 1000కి దించాను. వోల్టేజీ ఒక ఐదు శాతం తగ్గినా లెక్క ప్రకారం చిప్ ఖర్చు పావు వంతు తగ్గాలి. మంచి మెమరీ కార్డు ఒకటి వేశాను. తడబడుతున్నాయన్న రెండు గేములూ పెట్టి ఇచ్చాను. వాడు కాసేపు ఆడి, డబ్బాని తిప్పి వెనక భాగాన్ని చెంపకి ఆనించి చూసుకున్నాడు. "కాల్లేదు మామా" అన్నాడు.

అప్పుడే వాడికి గుంట సంగతంతా చెప్పాను. నాయన వింటున్నాడని నాకు తెలుసు. విసనకర్ర చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. అంతా అయ్యాక మంచం మీద లేచి కూర్చుని, "ఎంత పెంచావు అబ్బయ్యా దాన్ని?" అన్నాడు.

"పావు వంతు నాయనా."

కాసేపు మాట్లాడలేదు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఉండే ఏరేటర్లకి ఎకరాకి రెండు లక్షల పిల్లే లెక్క. ఆ పంటకి రెండున్నర ఏశా. రేటు బాగుందని. నీకు గాని, మీ అమ్మకి గాని చెప్పలా."

"పిల్ల అంటే ఏంది తాతా?" అన్నాడు మా వాడు. నాయన వాణ్ణి మంచం మీదికి రమ్మని, అరచేయి చూపించి, గోరు అంచు మీద ఎంత ఉంటుందో చూపించసాగాడు. కరెంటు ఇంకా రాలేదు.